ఎర్ర పిడి

హిమాచల్ ప్రదేశ్‌లో బిల్లింగ్. సముద్రమట్టానికి సుమారు 2,400 మీటర్ల ఎత్తున గడ్డి వాలు. అక్టోబరు ఉదయం పది దాటింది. ఎండకు కాగిన కొండ గాలిని పైకి తోస్తోంది. దాదాపు వెయ్యి మీటర్ల కింద బీర్ ఊరు, బౌద్ధ మఠాల పైకప్పులు. 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ పోటీలు ఇక్కడే జరిగాయి. ముందున్నవాళ్లు ఎగిరిపోయారు, వెనకవాళ్లు కదలమంటున్నారు. కదలకండి. మీ రెక్క ఇంకా నేల మీదే ఉంది.

వంగి, రెక్కకు కట్టిన సన్నటి లైన్లను ఒక్కొక్క వరుసా వేళ్ల మధ్య నుంచి జారనివ్వండి. ఎక్కడో ఒక ఎండుపుల్ల ఇరుక్కుని ఉంటుంది. నేల మీద అది పుల్లే. పైకి వెళ్లాక అదే లైన్లను ముడివేసి రెక్కను ఒక పక్కకు లాగుతుంది. గుడ్డను వెలుతురుకు ఎత్తి చూడండి, చిరుగులున్నాయేమో.

ఇప్పుడు మీరు కూర్చునే హార్నెస్. ముందు కాళ్ల బెల్టులు, తర్వాతే ఛాతీది. కాళ్ల బెల్టులు మరిచినా ఛాతీ బెల్టు ఉంటే నేల మీద అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. కాళ్లు నేలను వదిలాకే ఒళ్లు కిందికి జారుతుంది, చంకల దగ్గర వేలాడతారు. అలా ప్రాణాలు పోయినవాళ్లున్నారు. వాళ్లలో ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లూ ఉన్నారు. సాధారణంగా జరిగేది ఒక్కటే: బకిల్ పెట్టుకునే వేళ ఎవరో పలకరిస్తారు, లేదా ఫోటో తీయమంటారు. మధ్యలో ఎవరు ఆపినా సరే, మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. హైదరాబాద్ నుంచి వచ్చి పైలట్ ముందు కూర్చుని ఎగిరే యాత్రికులకూ ఇదే మాట. నా కాళ్ల బెల్టులు చూశారా అని అడగడం మర్యాద తప్పడం కాదు.

చివరగా రిజర్వ్ పారాచూట్. ఎర్ర పిడి చేతికి అందుతోందా? దాని పిన్ను దారపు ఉచ్చులో నిండా ఉందా, సగం బయటికి జారిందా? చివరిసారి ఎప్పుడు మడిచారు? నెలల తరబడి చెమట, తేమ పీల్చిన గుడ్డ పొరలు అతుక్కుంటాయి, తెరుచుకోవడం ఆలస్యమవుతుంది. కనీసం ఏడాదికోసారి విప్పి, గాలికి ఆరబెట్టి మళ్లీ మడవాలి.

ఎగిరారు. శిఖరం దాటాక, పైకి లేచే వేడిగాలి (థర్మల్) అంచున గాలి విరుగుతుంది. రెక్క కుడి సగం ముడుచుకుపోతుంది. మీరు అటే తిరుగుతారు. ముడుచుకున్న కొస లైన్లలో చిక్కుకుంది, విడిపోవడం లేదు. తిరుగుడు వేగం పెరిగేకొద్దీ చేయి ఎత్తడమే కష్టమవుతుంది. ఎత్తు చాలినంత ఉంటే ఒకటి రెండుసార్లు సరిచేయొచ్చు. ఇక్కడ కొండ దగ్గరగా ఉంది. ఇంకొక్కసారి చూద్దాం అనే ఆశ చాలామందిని నేలదాకా తీసుకెళ్లింది.

పిడి చూడండి. పట్టుకోండి. లాగండి. దానితో వచ్చే పారాచూట్ సంచిని ఖాళీ ఆకాశంలోకి బలంగా విసిరి, పిడి వదిలేయండి. భయంలో పిడిని పట్టుకునే ఉండిపోతే సంచి తెరుచుకోదు. ఒక కుదుపు. తల మీద తెల్లటి గుడ్డ విప్పుకుంటుంది.

పని అయిపోలేదు. అసలు రెక్క మళ్లీ గాలి నింపుకుంటే రిజర్వ్‌తో పోటీపడి దూరంగా లాగుతుంది, రెండింటి మధ్య మీరు మరింత వేగంగా పడతారు. లైన్లు పట్టి దాన్ని ఒళ్లోకి లాక్కోండి. యూరోపియన్ ప్రమాణం ప్రకారం రిజర్వ్ దిగే వేగం సెకనుకు 5.5 మీటర్లు మించకూడదు. అంటే ఒకటిన్నర మీటర్ల గోడ మీంచి దూకినంత దెబ్బ. కాళ్లు జోడించి, మోకాళ్లు కొద్దిగా వంచి, నేల తాకగానే పక్కకు దొర్లండి.

కింద దేవదారు చెట్లుంటే కొమ్మల్లో చిక్కుకుంటారు. బెల్టులు విప్పొద్దు. చెట్టుకు మిమ్మల్ని మీరు కట్టేసుకుని రేడియోలో బాగానే ఉన్నానని చెప్పండి. నేల మీద పడితే పారాచూట్ లైన్లు లాగి గుడ్డను కూల్చేయండి, గాలి ఈడ్చుకుపోకుండా. తర్వాత రెక్క, లైన్లు, హార్నెస్, వాటిని కలిపే కారబైనర్లు అన్నీ తనిఖీకి వెళ్లాలి. తెరుచుకున్న రిజర్వ్‌ను నీడలో వేలాడదీసి, పూర్తిగా ఆరాక, మడవడం తెలిసినవాళ్ల చేతికే ఇవ్వండి.