గృహనిర్మాణ పరిశోధన పత్రికలకు వ్రాతప్రతి రూపకల్పన

గృహనిర్మాణం, అద్దెలు, నివాస విధానాలపై రాసిన పరిశోధన వ్యాసాన్ని విద్వత్పత్రిక సమీక్షకు పంపేందుకు అనువుగా అమర్చే పద్ధతి. 1986లో వెలువడటం మొదలైన ‘హౌసింగ్ స్టడీస్’ ఈ రంగంలోని ప్రధాన పత్రికల్లో ఒకటి. రచయిత ఎవరో సమీక్షకులకు తెలియకూడదు కనుక పేరు, సంస్థ, కృతజ్ఞతలు విడి ముఖపత్రంలో ఉంటాయి. రచయిత తన పాత వ్యాసాలను సైతం ప్రథమ పురుషలోనే ప్రస్తావించాలి. వర్డ్ ఫైలు లక్షణాల్లో మిగిలిపోయే పేరునూ తొలగించాలి. తరచూ మరచిపోయేది ఇదే. ఆధారాలను చూపడానికి రచయిత–సంవత్సర పద్ధతి విస్తృతంగా వాడుకలో ఉంది. దీనికి మూలంగా హార్వర్డ్ జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ 1881 నాటి వ్యాసాన్ని పేర్కొంటారు. బ్రిటన్‌లో సామాజిక గృహాల అద్దెను సాధారణంగా వారానికి, భారత్‌లో ఇంటి అద్దెను నెలకు లెక్కిస్తారు కాబట్టి పట్టికల్లో కాలవ్యవధి, కరెన్సీ, ధరల ఆధార సంవత్సరం తప్పనిసరి.