బిళ్ళ, మీటరు, ఫోను: న్యూయార్క్ టాక్సీ చరిత్రలో డ్రైవరు

టాక్సీలకూ, ఫోనులో పిలిస్తే వచ్చే కార్లకూ మధ్య ఈ పదిహేనేళ్ళుగా పెద్ద నగరాలన్నిటిలో నడుస్తున్న తగాదాను పత్రికలు పాతకూ కొత్తకూ మధ్య పోరుగా రాస్తూ వచ్చాయి. కొందరి దృష్టిలో పాత టాక్సీ అంటే గుత్తాధిపత్యం, కొత్త కారు అంటే స్వేచ్ఛ. మరి కొందరి దృష్టిలో పాతది చట్టం, కొత్తది అరాచకం. ఈ రెండు వాదాల్లోనూ ప్రయాణికుడు వున్నాడు, కంపెనీ వుంది, ప్రభుత్వం వుంది. పన్నెండు గంటలపాటు స్టీరింగు పట్టుకుని కూచున్న మనిషి మాత్రం బండిలో ఒక భాగంగానే కనిపిస్తాడు. అతని వైపు నుంచి చూస్తే ఈ కథ 2009లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉబర్ పుట్టడంతో మొదలు కాదు. న్యూయార్క్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. అక్కడి చరిత్ర స్పష్టంగా నమోదై వుందన్నది ఒక కారణం. టాక్సీ డ్రైవర్ల మీద వచ్చిన నాటకాల్లోకెల్లా పేరున్నది ఆ నగరంలోనే పుట్టిందన్నది, ఈ పత్రిక పాఠకుల దృష్ట్యా, అంతకన్నా ముఖ్యమైన కారణం.

మీటరున్న పెట్రోలు టాక్సీలు న్యూయార్క్ వీధుల్లోకి 1907లో వచ్చాయి. హ్యారీ అలెన్ అనే యువ వ్యాపారి ఫ్రాన్సు నుంచి 65 ఎర్ర కార్లు తెప్పించాడు. గుర్రపు బండివాడు ముక్కాలు మైలుకు తన దగ్గర అయిదు డాలర్లు గుంజాడనీ, ఆ కోపంతోనే ఈ వ్యాపారానికి దిగాననీ అతను చెప్పుకున్నాడు. మీటరు అంటే న్యాయం, బేరమాడే మనిషి అంటే మోసం అన్న భావన అప్పుడే స్థిరపడింది. ఆ న్యాయం ప్రయాణికుడికి మాత్రమే పరిమితమని తేలడానికి ఏడాది చాలింది. 1908లో అలెన్ కంపెనీ డ్రైవర్లు సమ్మెకట్టారు. అది హింసాత్మకంగా ముగిసింది.

1929 మాంద్యం తర్వాత పని పోయినవాళ్ళు ఎందరో టాక్సీ ఎక్కారు. 1931 నాటికి నగరంలో 20 వేల పైచిలుకు టాక్సీలు తిరుగుతున్నాయి, ఎక్కేవాళ్ళు లేరు. మేయర్ జిమ్మీ వాకర్ సంఖ్యను అదుపు చేయడానికి ఒక బోర్డు పెట్టాడు. టాక్సీ కంపెనీల ప్రయోజనాలతో ముడిపడ్డ డబ్బు మేయరుకు చేరిందని విచారణలో బయటపడింది. 1932లో అతను రాజీనామా చేయవలసి వచ్చింది. క్రమబద్ధీకరణ అన్న మాట ఈ రంగంలో మొదటినుంచీ ఎంత పరిశుద్ధమైనదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

1934 ఫిబ్రవరిలో పెద్ద సమ్మె వచ్చింది. వెనకటి ఏడాది నగరం ప్రతి ప్రయాణం మీద అయిదు సెంట్ల పన్ను వేసింది. కోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటికి పోగుపడ్డ సొమ్ము ఎవరిదన్నదే తగాదా. కొత్త మేయర్ లాగార్డియా యజమానులకూ డ్రైవర్లకూ చెరిసగం పంచమన్నాడు. డ్రైవర్లు అంతా తమదేనన్నారు. మార్చిలో మళ్ళీ సమ్మె జరిగింది. ఈసారి డబ్బు కోసం కాదు, తమ యూనియన్‌ను గుర్తించమని. కంపెనీలు తామే యూనియన్లు పెట్టించి దాన్ని విరగ్గొట్టాయి.

క్లిఫర్డ్ ఓడెట్స్ రాసిన ‘వెయిటింగ్ ఫర్ లెఫ్టీ’ ఈ సమ్మెల నీడలో పుట్టింది. 1935 జనవరిలో గ్రూప్ థియేటర్ నటులు దాన్ని మొదటిసారి ప్రదర్శించారు. మన విద్యార్థులు ఈ పేరును పాఠ్యపుస్తకాల్లో చూస్తారు, నాటకాన్ని చదివినవాళ్ళు తక్కువ. రంగస్థలం మీద తెరలూ సెట్టింగులూ వుండవు. యూనియన్ కమిటీ అర్ధచంద్రాకారంలో కూచుని వుంటుంది. సమ్మె వద్దని నచ్చజెప్పే నాయకుడు ఫ్యాట్, అతని పక్కన తుపాకీతో ఒక కిరాయి మనిషి. కమిటీ ఛైర్మన్ లెఫ్టీ ఇంకా రాలేదు. అందరూ అతని కోసం చూస్తుంటారు. ఈలోపల ఒక్కొక్క డ్రైవరు తాను ఈ సభకు ఎలా వచ్చాడో ఒక్కొక్క దృశ్యంగా విప్పుతాడు. వాయిదాల మీద కొన్న సామాను తీసుకుపోయిన ఇంట్లో భర్తను నిలదీసే భార్య, డబ్బులేక పెళ్ళి మానుకునే జంట, విషవాయువు తయారీలో పాలుపంచుకోనని ఉద్యోగం వదిలే ప్రయోగశాల సహాయకుడు. చివర, లెఫ్టీని కారు షెడ్ల వెనక కాల్చి చంపారన్న కబురు వస్తుంది. ప్రేక్షకుల మధ్య కూచున్న నటులు లేచి సమ్మె అని కేక వేస్తారు. మొదటి రాత్రి ఆ కేకలో నిజమైన ప్రేక్షకులు కూడా కలిశారు.

శిల్పం దృష్ట్యా ఈ నాటకంలో లోపాలు లేకపోలేదు. ఫ్యాట్ పాత్ర మరీ కార్టూను బొమ్మ. (ఓడెట్సూ, ఆ రాత్రి వేషం వేసిన ఎలియా కజానూ 1952లో అమెరికన్ కాంగ్రెసు విచారణ సంఘం ముందు పాత సహచరుల పేర్లు చెప్పి వచ్చారు. అది వేరే వ్యాసానికి విషయం.) నేను ఎత్తిచూపదలచినది నాటకం నిలబడ్డ నేలను. అది ఒక హాలు. రోజంతా ఎవడి బండిలో వాడు ఒంటరిగా తిరిగే డ్రైవర్లు ఒకచోట కూచోగలిగిన హాలు. మన ప్రజానాట్యమండలి 1947లో ఆడిన ‘మా భూమి’కి ఊరు ఎలాంటిదో, లెఫ్టీకి ఆ హాలు అలాంటిది. దాన్ని తీసేస్తే నాటకం లేదు.

1937లో హాస్ చట్టం వచ్చింది. టాక్సీ లైసెన్సుల సంఖ్యను స్తంభింపజేసింది. తిరిగిచ్చిన లైసెన్సులు పోగా 11,787 మిగిలాయి. 1996 దాకా అదే సంఖ్య. లైసెన్సుకు గుర్తుగా కారు ముందుభాగాన బిగించే లోహపు బిళ్ళనే అక్కడ మెడాలియన్ అంటారు. రుసుము పది డాలర్లు. పోటీ తగ్గింది, డ్రైవరు ఊపిరి పీల్చుకున్నాడు. ఇది నిజమే. అయితే ఆ చట్టంలో ఒక మెలిక వుంది: బిళ్ళను అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. డ్రైవరు ఆకలి తీర్చడానికని తెచ్చిన పరిమితి క్రమంగా ఆస్తి అయి కూచుంది. భూమి లాగా కౌలుకివ్వొచ్చు, తాకట్టు పెట్టొచ్చు, పిల్లలకు రాసివ్వొచ్చు. దున్నేవాడు వేరు, పట్టా వేరు అన్న సంగతి మన పాఠకులకు విప్పి చెప్పనక్కర్లేదు.

ఈ బిళ్ళ టాక్సీలు మాన్‌హటన్ దాటి పెద్దగా వెళ్ళేవి కావు. హార్లెంలోనూ బ్రూక్లిన్‌లోనూ నల్లవాళ్ళు చెయ్యెత్తితే ఆగేవీ కావు. అక్కడ బిళ్ళ లేని కార్లు తిరిగాయి. వాటిని జిప్సీ క్యాబులని ఈసడించారు. అవి చట్టవిరుద్ధం, కానీ ఆ పేటలకు వున్న టాక్సీ అదే. క్రమబద్ధమైన టాక్సీని సమర్థించేవాళ్ళు ఈ సంగతిని సాధారణంగా దాటవేస్తారు. ఉబర్ వాళ్ళు తర్వాత దీన్ని తమ ప్రచారానికి బాగా వాడుకున్నారు.

ఈ చరిత్రకు అసలు మలుపు 1979 అని నా అభిప్రాయం. అంతవరకూ పెద్ద గ్యారేజీల్లో డ్రైవరు ఉద్యోగి. మీటరు వసూళ్ళలో సుమారు సగం అతనిది. 1960ల నుంచి యూనియన్ వుంది. 1979లో కార్లను పూటకింత అని కౌలుకిచ్చే పద్ధతిని నగరం అనుమతించింది. డ్రైవరు పన్నెండు గంటల పూటకు ముందే డబ్బు కడతాడు, పెట్రోలు తనే పోసుకుంటాడు. ఆ పైన మిగిలితే తనది, మిగలకపోతే నష్టమూ తనదే. అప్పుతో తెల్లవారుతుంది అతనికి. చట్టం దృష్టిలో అతనిప్పుడు ఉద్యోగి కాదు, స్వతంత్ర కాంట్రాక్టరు. ఉబర్‌ను తిట్టేవాళ్ళు ఈ ‘స్వతంత్రుణ్ణి’ ఉబర్ సృష్టించిందనుకుంటారు. కాదు. ఫోను కంపెనీ పుట్టడానికి ముప్పై ఏళ్ళ ముందే, ప్రభుత్వ ముద్రతో, బిళ్ళల యజమానులు సృష్టించారు. ఫోను కంపెనీ వచ్చేనాటికి సరుకు సిద్ధంగా వుంది.

సాహిత్య విద్యార్థులు ఒక విషయం గమనించాలి. 1976లో స్కోర్సెసీ తీసిన ‘టాక్సీ డ్రైవర్’ సినిమాలో కథానాయకుడికి సభ లేదు, కమిటీ లేదు. రాత్రి కార్లో ఒంటరి మనిషి, చేతిలో తుపాకీ. 1935లో తుపాకీ యజమాని మనిషి చేతిలో వుంది. ఈ నలభై ఏళ్ళలో ఏం జరిగిందో ఒక్క టాక్సీయే చెప్పదు గానీ, టాక్సీ కూడా చెబుతుంది.

1980ల నుంచి ఆ సీట్లోకి పంజాబీలూ బెంగాలీలూ పాకిస్తానీలూ ఎక్కువగా వచ్చారు. 1998 మే 13న మేయర్ జూలియానీ విధించబోయిన కొత్త నిబంధనలకు వ్యతిరేకంగా పసుపు టాక్సీలు దాదాపుగా అన్నీ ఆగిపోయాయి. సమ్మె కబురు కార్లలోని రేడియోల మీద, విమానాశ్రయం పార్కింగులో, రాత్రివేళ తెరిచివుండే దేశీ హోటళ్ళలో పాకింది. హాలు పోయినచోట ఇవి హాళ్ళయ్యాయి. అదే ఏడాది ఏర్పడ్డ టాక్సీ వర్కర్స్ అలయన్స్‌కు గుజరాత్‌లో పుట్టిన భైరవి దేశాయ్ నాయకురాలైంది. ఆ సంఘంలో పనిచేసిన బిజూ మాథ్యూ 2005లో ఈ పోరాటాల మీద పుస్తకం రాశాడు. ఎవరైనా తెలుగు చేస్తే మేలు.

2011లో ఉబర్ న్యూయార్క్ వచ్చింది. అప్పటికి బిళ్ళ ధర ఆకాశంలో వుంది. 2014లో ఒక్కో బిళ్ళ పది లక్షల డాలర్లు దాటింది. ఈ ధర టాక్సీ సంపాదన వల్ల పెరిగింది కాదు. అప్పులిచ్చేవాళ్ళు ముందూ వెనకా చూడకుండా ఇవ్వడం వల్ల పెరిగింది. నగరం తనే వేలం వేసి, బిళ్ళ కొనడం మంచి పెట్టుబడి అని ప్రకటనలిచ్చింది. అమ్మకాలూ పన్నుల మీద 80 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించింది. ఇంగ్లీషు అంతంత మాత్రంగా వచ్చే డ్రైవర్లు అర్థంకాని పత్రాల మీద సంతకాలు పెట్టారు. 2019లో న్యూయార్క్ టైమ్స్ పరిశోధన ఇదంతా బయటపెట్టింది. ఉబర్ ఆ బుడగను పొడిచిందనడం నిజమే, ఊదింది మాత్రం ఉబర్ కాదు.

బిళ్ళ ధర కూలింది, అప్పు నిలిచింది. 2018లో అప్పుల పాలయిన డ్రైవర్లు పలువురు ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్ళలో పసుపు టాక్సీవాళ్ళేగాక అద్దెకార్లు నడిపేవాళ్ళూ వున్నారు. ఆ ఏడాది ఆగస్టులో ఫోను కార్ల సంఖ్యకు నగరం పరిమితి పెట్టింది. 2015లో మేయర్ డి బ్లాసియో అదే పని చేయబోయి, కంపెనీ ప్రచారానికి జంకి వెనక్కి తగ్గాడు. మూడేళ్ళ ఆలస్యానికి ఎవరు వెల చెల్లించారో పై వాక్యాల్లోనే వుంది. 2018 డిసెంబరులో ఫోను కార్ల డ్రైవర్లకు ఖర్చులు పోను గంటకు 17.22 డాలర్లు రావాలని నిబంధన చేశారు. 2021లో డ్రైవర్లు సిటీహాలు ముందు 15 రోజులు నిరాహారదీక్ష చేశారు. నవంబరులో ఒప్పందం కుదిరింది: అప్పు 1,70,000 డాలర్లకు తగ్గింపు, నగరం హామీ. ఏడు లక్షలు బాకీపడ్డవాడికి ఇది చిన్న విషయం కాదు. నాకు తెలిసినంతలో దానిమీద ఇంకా ఏ ఓడెట్సూ నాటకం రాయలేదు.

మన దగ్గర పసుపు బిళ్ళ లేదు, ఆటో పర్మిటు వుంది. హైదరాబాదులో పర్మిట్లకు పరిమితి వున్న ఏళ్ళలో అవి ఫైనాన్షియర్ల చేతుల్లోకి ఎలా పోయాయో, పర్మిటు ఒకరి పేరునా బండి ఇంకొకరి చేతిలోనూ ఎలా నడిచిందో ఏ ఆటో స్టాండులో అడిగినా చెబుతారు. తర్వాత ఫోను కంపెనీలు వచ్చాయి, డ్రైవరుకు ‘భాగస్వామి’ అని పేరు పెట్టాయి. కౌలురైతును భాగస్వామి అనడం మన జమీందార్లకు తోచలేదు. 2020 సామాజిక భద్రతా స్మృతి ఇలాంటివాళ్ళ ప్రస్తావన తెచ్చింది, కానీ వాళ్ళను ఉద్యోగులనలేదు. బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఉబర్ డ్రైవర్లు స్వతంత్ర వ్యాపారులు కారు, శ్రామికులేనని తీర్పు చెప్పింది.

ఇక న్యూయార్క్‌లో ఆ పోరు సంగతి. 2022 మార్చిలో ఉబర్ పసుపు టాక్సీలను కూడా తన ఫోనులోనే పిలిపించడానికి ఒప్పందం ప్రకటించింది. పదేళ్ళు కొట్లాడుకున్న పాత కొత్తలు ఒక తెర మీద కలిసిపోయాయి. డ్రైవర్ల విషయంలో అంతకు చాలా ముందే అలాంటిది జరిగింది: బిళ్ళ పోయినవాడు ఫోను కారు ఎక్కాడు, టాక్సీ వర్కర్స్ అలయన్స్ రెండు రకాల డ్రైవర్లనూ సభ్యులుగా చేర్చుకుంది. 2017 జనవరి 28న, ముస్లిం దేశాల ప్రయాణికుల మీద విధించిన నిషేధానికి నిరసనగా, ఆ సంఘం పిలుపుమీద కెనడీ విమానాశ్రయంలో సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా టాక్సీలు ఎవరినీ ఎక్కించుకోలేదు.