టైర్లు మార్చి బ్యాలెన్సింగ్ చేయించాక స్టీరింగ్ అదురుతోందా?

మీర్ ఆలం మండికి, మాదన్నపేట మార్కెట్‌కు కూరగాయలు తెచ్చే రైతులు కొందరు సరుకు దింపాక పాతబస్తీలోనే బండి పని చూసుకుంటారు. వెనక టైర్లు ముందుకు, ముందువి వెనక్కి వేయించి, బ్యాలెన్సింగ్ చేయించి ఇంటిదారి పడతారు. సందుల్లో బండి బాగానే ఉంటుంది. పహాడీషరీఫ్ దాటి శ్రీశైలం రోడ్డు మీద వేగం 60 దాటగానే స్టీరింగ్ అదరడం మొదలవుతుంది. బ్యాలెన్స్ లోపం నెమ్మదిగా వెళ్తే తెలియదు మరి.

ముందుగా బండి పక్కకు ఆపి చక్రాల నట్లు చూడండి. నట్లు వదులైతే చక్రమే ఊడిపోవచ్చు, కాబట్టి మిగతావన్నీ దీని తర్వాతే. వీల్ స్పానర్‌తో వరుసగా కాకుండా ఎదురెదురు నట్లను విడతలవారీగా బిగించాలి. టైర్లు మార్చిన ప్రతిసారీ 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగింపు చూసుకోవాలి. నెమ్మదిగా వెళ్తున్నా చక్రం ఊగుతున్నా, టకటక శబ్దం వస్తున్నా బండి నడపకండి.

నట్లు సరిగా ఉన్నాయంటే అదురు ఎక్కడ తెలుస్తోందో గమనించండి. స్టీరింగ్ అదిరితే లోపం ఎక్కువగా ముందు చక్రాల్లో, సీటు అదిరితే వెనక చక్రాల్లో ఉంటుంది. బ్రేకు తొక్కినప్పుడే అదిరితే డిస్కు లేదా డ్రమ్ము చూపించాలి. బండి ఒక పక్కకు లాగడం అలైన్‌మెంట్ సమస్య, అది వేరు.

పొలం బండ్లకు ప్రత్యేకంగా ఉండే కారణం మట్టి. రిమ్ము లోపల నల్లరేగడి ఎండి గట్టిపడి ఉంటే, మెషీన్ ఆ మట్టిని కూడా కలిపి తూచి బిళ్లలు వేస్తుంది. దారిలో ఆ పెళ్ల రాలిపోతే బ్యాలెన్స్ చెడుతుంది. బిళ్ల ఊడిపోయినా అంతే. అందుకే బ్యాలెన్సింగ్‌కు ముందు రిమ్ములు లోపలి వైపు కూడా కడిగించండి. రిమ్ము, హబ్బు కలిసే చోట తుప్పు, మట్టి ఉంటే చక్రం సమంగా కూర్చోదు. అక్కడ వైర్ బ్రష్‌తో రుద్దించాలి.

ఇంకొకటి, బరువు మోసిన వెనక టైరు ఎగుడుదిగుడుగా అరిగి ఉండవచ్చు. వెనక ఉన్నంతకాలం ఆ అదురు అంతగా తెలియదు, ముందుకు వస్తే చేతికి తెలుస్తుంది. చేత్తో తడిమి చూడండి. అలాంటి అరుగుదలను, వంగిన రిమ్మును ఎన్ని బిళ్లలు వేసినా సరిచేయలేరు. టైరు పక్కన ఉబ్బు ఉంటే ఆ టైరు తీసేయాల్సిందే, పేలే ప్రమాదం ఉంది.

టైర్లు మార్చాకే అదురు వచ్చిందంటే వెంటనే టై రాడ్, బాల్ జాయింట్ కొనకండి. అది తెగులేదో తెలియకుండా మందు కొట్టడమే. ముందు టైర్లను పాత చోట్లకే వేయించి అదే వేగంలో నడపండి. అదురు పోతే లోపం ముందుకు తెచ్చిన చక్రాలదే. పోకపోతే సరుకు దింపి, గట్టి నేల మీద వెనక చక్రాలకు రాళ్లు అడ్డంపెట్టి, ముందు చక్రాన్ని జాకీతో లేపండి. పైన, కింద పట్టుకుని కదిపితే లూజు ఉందంటే బేరింగ్ లేదా బాల్ జాయింట్, పక్కలకు మాత్రమే లూజు ఉంటే టై రాడ్ ఎండ్ చూపించాలి. బండి కిందికి మాత్రం దూరకండి.

మళ్లీ బ్యాలెన్సింగ్ చేయించేటప్పుడు మెషీన్‌పై రెండు వైపులా సున్నా వచ్చిందో లేదో దగ్గరుండి చూసుకోండి. బండి మాన్యువల్‌లో చెప్పినంత గాలి పట్టించి, ఖాళీ బండిని విశాలమైన రోడ్డుపై ఒకసారి నడిపి చూశాకే డబ్బులు ఇవ్వండి.