పోస్టర్ మీద కోనసీమ

కోనసీమ పర్యావరణం మీద డాక్యుమెంటరీ తీసి పోస్టర్ వేయిద్దామనుకునే వాళ్లకు రెండు బొమ్మలు సిద్ధంగా దొరుకుతాయి. కాలువ మీదికి వంగిన కొబ్బరిచెట్లు ఒకటి, పాశర్లపూడి గ్యాస్ బావి మంట మరొకటి. రెండూ ఆ పనికి చాలవని నా వాదన.

డాక్యుమెంటరీకి మన దేశంలో పోస్టర్ సంప్రదాయం దాదాపు లేదు. 1948లో ఫిల్మ్స్ డివిజన్ ఏర్పడ్డాక, అసలు సినిమాకు ముందు ప్రభుత్వం ఆమోదించిన లఘుచిత్రం వేయాలన్నది థియేటర్లకు లైసెన్సు షరతుగా ఉండేది. ఎన్టీఆర్ కోసమో ఏఎన్నార్ కోసమో టికెట్ కొన్నవాడు అది కూడా చూసేవాడు. పిలవకుండానే జనం దొరికే సినిమాకు గోడ మీద పిలుపెందుకు? అందుకే పోస్టర్ విద్య కథాచిత్రాల పంచనే పెరిగింది. అందులో పేరున్న ఈశ్వర్, గోదావరి వశిష్ఠ పాయకు అవతల పాలకొల్లులో పుట్టినవారు. బాపు ‘సాక్షి’ (1967)తో మొదలుపెట్టి రెండు వేలకు పైగా సినిమాలకు పని చేశారు, ‘సినిమా పోస్టర్’ అని పుస్తకమూ రాశారు. ఆ ‘సాక్షి’ని తీసింది కోనసీమలోనే, కొత్తపేట దగ్గరి పులిదిండిలో. అది నలుపు తెలుపు సినిమా. ఆ రోజుల్లో తెర మీద రంగు లేని సినిమాలకూ గోడ మీద రంగుల పోస్టర్లే అంటించేవారు. చెట్టు ఎంత పచ్చగా ఉండాలో తేల్చింది కెమెరా కాదు, ఆర్టిస్టు కుంచె. తర్వాత రంగుల సినిమాలొచ్చి పడవ, తోట, లంగా ఓణీ కలిపి ఒకే మూటగా కట్టేశాయి. సినిమావాళ్లకు అందం కావాలి, అది ఇక్కడ ఉంది, కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. చిక్కల్లా ఆ పచ్చదనం ఎవరూ చేయకుండా దానంతటదే పుట్టినట్టు కనబడటం. 1830లలో కరువుకీ తుఫానుకీ చితికిపోయిన గోదావరి డెల్టా, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే, కాలువలూ లాకులూ వచ్చాకే ఈ వరిచేల డెల్టా అయింది. మనుషులు కట్టిన పచ్చదనం కనుకనే దానికి మరమ్మతు కావాలి. ఆ సంగతి కొబ్బరాకుల పోస్టర్ చెప్పలేదు.

మరి మంట? 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి పేలి 65 రోజులు మండింది. అంతటి దృశ్యాన్ని ఎందుకు వదులుకోవాలి, అది అబద్ధం కాదుగదా అని డిజైనర్ అడుగుతాడు. అబద్ధం కాదు. కానీ మంట బొమ్మ జరిగినదాన్ని ఒకనాడు అంటుకుని ఒకనాడు ఆరిపోయిన ప్రమాదంగా ముగించేస్తుంది. అదే మామిడికుదురు మండలంలో 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ రెండు తేదీల మధ్య పందొమ్మిదేళ్లూ నేల కింది గొట్టం ఏ ఫొటోలోనూ పడలేదు. 2011లో క్రాప్ హాలిడే ప్రకటించి సార్వా మానేసిన రైతులు ఏకరువు పెట్టిన కష్టాల్లో పూడిపోయిన మురుగు డ్రెయిన్లూ ఉన్నాయి. ముంపు నీరు నిలిచిన చేను దూరం నుంచి ఫొటో తీస్తే అందంగానే ఉంటుంది, అదీ తంటా! ఎగువ జలాశయాల్లో ఒండ్రు ఆగిపోయి డెల్టా అంచును సముద్రం కోసేస్తోందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏనాడో రాశారు. దానికి మంటా లేదు, చప్పుడూ లేదు.

అలాగని మంటకు బదులు డ్రెయిన్ బొమ్మ వేస్తే, అది చూసి ఎవడొస్తాడన్నది గట్టి ప్రశ్నే. 2006 నాటి పర్యావరణ డాక్యుమెంటరీ ‘యాన్ ఇన్‌కన్వీనియంట్ ట్రూత్’ పోస్టర్‌లో ఫ్యాక్టరీ పొగగొట్టాల పొగే పైకెళ్లి తుఫాను సుడిగా తిరుగుతుంది. కారణమూ ఫలితమూ ఒకే గీతలో ఇమిడాయి. ఆ సుడిని మనం అరువు తెచ్చుకోనక్కర్లేదు, 1996 నవంబర్ 6 నాటి తుఫానులో కోనసీమ సొంతంగానే చూసింది. తెచ్చుకోవలసింది ఆ పద్ధతి. కొబ్బరిచెట్టు పోస్టర్‌లో ఉండాల్సిందే, లేకపోతే రాజోలువాడు అది తన ఊరి సినిమా అనుకోడు. అయితే నేలను నిలువుగా కోసినట్టు గీసి, సగం కాగితం మట్టి కింది భాగానికి వదలాలి. పైన పాత సినిమా పచ్చ, కింద వేళ్లూ గొట్టమూ ఊరే ఉప్పునీరూ. దాన్ని ఫ్లెక్సీ మీద మాత్రం వేయకూడదు. పర్యావరణ సినిమాకు ప్లాస్టిక్ గుడ్డ కట్టడమంత ఎబ్బెట్టు ఇంకోటి లేదు. మైదా జిగురుతో అంటించిన కాగితం వానకు ఊడిపోతుందంటారా, మళ్లీ అంటించాలి. సినిమావాళ్లు ప్రతి వారం చేసిందీ అదే.