చిన్నమ్మకి చెప్పిన అలంపూర్

మా చిన్నమ్మది రాజోలి. తుంగభద్ర ఒడ్డున, పాత కోటకి దగ్గర్లో నేతపని చేసుకునే ఇల్లు. ముప్ఫై ఏళ్ల పైగా గద్వాల చీరలకి కండెలు చుట్టింది, అంచు దగ్గర రెండో మనిషిగా కూర్చుంది. చీర నేసిన పేరు మాత్రం చిన్నాయనది. నీటికాసులొచ్చి ఆమె చూపు పోయి ఆరేళ్లయింది.

ఆమె అడిగింది చిన్న కోరిక. "అలంపూర్ పోదామే. పిల్లలకి చరిత్ర చెప్తావు గదా, నాకూ చెప్పుకుంట నడిపియ్యి."

తీసుకెళ్లాను. స్వర్గబ్రహ్మ గుడి దగ్గర నిలబడి, "ఈ శిల్పం చూడు చిన్నమ్మా..." అని నాలుక్కరుచుకున్నాను. ఆమె ఏమీ అనుకోలేదు. తర్వాత నేను చెప్పిందే నన్ను సిగ్గుపడేలా చేసింది. బాదామి చాళుక్యులు, ఏడూ ఎనిమిది శతాబ్దాలు, నాగర శైలి, రేఖా శిఖరం. ఇరవై ఏళ్లుగా క్లాసులో చెప్తున్న మాటలే. అంతా విని, "అట్లంటే ఎట్లుంటదే?" అనడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లూ బోర్డు మీద బొమ్మ గీసి, స్లైడు వేసి తప్పించుకున్నానన్నమాట. చూపించగలిగినంత కాలం చెప్పాల్సిన అవసరం నాకు రాలేదు.

ఆ రాత్రే ఫోన్లో రికార్డు చేయడం మొదలుపెట్టాను. ఒక్కో ఆగే చోటుకి రెండు మూడు నిమిషాల మాట. మళ్లీ వెళ్లినప్పుడు తోడు వచ్చిన వాళ్లు చెయ్యి పట్టుకుంటే చాలు, ఊరి గురించి నా గొంతు చెప్తుంది. ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో 2015లో 'అనుభవ్' అనే గ్యాలరీ తెరిచారు. తాకి చూసే ప్రతిరూపాలు, బ్రెయిలీ వివరాలు, వినే వ్యాఖ్యానం అక్కడున్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్‌లో, కళల్లో సంస్కృతిలో పాల్గొనడం కూడా హక్కేనని రాసి ఉంది. రాజోలి నుంచి చిన్నమ్మ ఢిల్లీ పోలేదు. చట్టం అయితే ఆమెకీ వర్తిస్తుంది.

పని మొదలయ్యాక తెలిసింది, చరిత్ర కంటే ముందు నేల చెప్పాలని. గడప ఎక్కడ, మెట్టు మోకాలి దాకా వస్తుందా పాదం ఎత్తితే చాలా, ఎండ ఏ బుగ్గకి తగులుతుంది, నది ఏ వైపు. తర్వాతే గుడి. తొమ్మిది గుళ్లకీ బ్రహ్మ పేర్లే. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. కట్టింది మాత్రం శివుడికి. తారకబ్రహ్మ ఒక్కటి దక్షిణాది పద్ధతి, మిగిలిన వాటివి ఉత్తరాది శిఖరాలు. ఆ శిఖరం ఎలా ఉంటుందంటే, అయిదు వేళ్లూ పైకెత్తి కొసలు కలపబోతూ ఆపినట్టు ఉంటుంది. ఆ కొసల మీద కూర్చున్న గుండ్రటి రాయిని ఆమలకం అంటారు. ఉసిరికాయే అది! ఎన్నోసార్లు పాఠంగా చెప్పిన ఆ మాటకి అర్థం చిన్నమ్మ చేతిలో ఉసిరికాయ పెట్టినప్పుడే నాకు పూర్తిగా తట్టింది. ఆమె బొటనవేలితో దాని గీతలు తడిమి, "దీన్ని నొక్కితే బిళ్ల లెక్కయితది" అంది. అంతే, ఆ మాటనే రికార్డులో పెట్టాను.

తర్వాత ఆగిన చోటు కూడవెల్లి సంగమేశ్వరాలయం. ఇది పుట్టింది ఇక్కడ కాదు. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉండేది. శ్రీశైలం జలాశయంలో మునుగుతుందని రాళ్లకి అంకెలు వేసి విప్పి, అలంపూర్ తెచ్చి, తిరిగి పేర్చారు. పాపనాశి గుళ్లనీ అలాగే తరలించారు. మంచి పనే. కానీ అదే జలాశయం కింద నూటికి పైగా ఊళ్లు పోయాయి. 1981లో ఇళ్లు కూల్చి జనాన్ని ఖాళీ చేయించారు. ఆ ఇళ్ల రాళ్లకి ఎవరూ అంకెలు వేయలేదు. ఏ పొయ్యి ఏ గోడ పక్కనుండేదో, నీళ్లరేవు ఎటో రాసుకోలేదు. ఇది చెప్తున్నప్పుడు చిన్నమ్మ మధ్యలో ఆపి, "మన రాజోలి కూడా అంతే గదా" అంది. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి రాజోలిని ముంచేసింది. మగ్గం గుంటల నిండా బురద. నూలు, కండెలు, నేస్తున్న చీరలు, అన్నీ ఒకే రంగయ్యాయని ఆమె ఇప్పటికీ చెప్తుంది. అప్పుడామెకి చూపుంది.

అసలు చిక్కు వచ్చింది మ్యూజియం దగ్గర. అక్కడి లజ్జాగౌరి విగ్రహాన్ని గురించి స్టెల్లా క్రామ్రిష్ 1956లో ఒక వ్యాసం రాసింది. వేదంలోని అదితితో, ఉత్తానపాద అన్న మాటతో దాన్ని కలిపి చూసింది. ఆ వ్యాసం చదివాను, క్లాసులో చెప్పాను. రికార్డులో మాత్రం ఇలా అన్నాను: "ఇది మాతృదేవత. తల ఉండదు. తల స్థానంలో పద్మం ఉంటుంది. సంతానం కోసం ఆడవాళ్లు కొలిచేవాళ్లు."

తాకనివ్వరు కాబట్టి చిన్నమ్మకి మాటే దిక్కు. ఇంటికొచ్చాక రొట్టెలకి జొన్నపిండి తడుపుతూ, కొంచెం ముద్ద తీసి బొమ్మ చేసింది. "ఇట్లనేనా?" అని నా చేతికిచ్చింది. మెడ మీద పువ్వు, మెడలో హారం, పొందికగా మఠం వేసుకుని కూర్చున్న అమ్మవారు. ఎంత శ్రద్ధగా చేసిందో! పూర్తిగా తప్పు. తప్పు ఆమె వేళ్లది కాదు.

"కాళ్లట్ల ఉండవు చిన్నమ్మా."

"మరెట్లుంటయి?"

నీళ్లు నమిలాను. ఆడవాళ్ల శరీరం మీద వ్యాసాలు రాసినదాన్ని, సెమినార్లలో మాట్లాడినదాన్ని. ఇంగ్లీషులోనైతే తడుముకోకుండా చెప్పేదాన్ని. మా చిన్నమ్మకి తెలుగులో చెప్పాల్సొచ్చేసరికి గొంతు పట్టుకుంది. ఎలాగో చెప్పాను. వెల్లకిలా ఉంటుంది, మోకాళ్లు మడిచి రెండు పక్కలకి ఎడంగా తెరిచి, పాదాలు పైకి. చేతులు మోచేతుల దగ్గర మడిచి తామరలు పట్టుకుని ఉంటుంది. ఒంటిమీద నగలు తప్ప దాచేదేమీ ఉండదు. యోని కనపడుతుంది.

చిన్నమ్మ నవ్వింది. "ఇదా! దీనికెందుకమ్మే అంత గుటకలు మింగుతవు? ముగ్గుర్ని కన్నదాన్ని, నాకు తెల్వదా కాళ్లెట్లుంటయో." ముద్దని మళ్లీ పిసికి, రెండు నిమిషాల్లో సరిగ్గా చేసింది.

ఆ బొమ్మలో సిగ్గు లేదు. పేరులో ఉంది, నా రికార్డులో ఉంది. చూపున్నవాళ్లకి నేను సెన్సారు చేయలేను, వాళ్ల కళ్లు వాళ్లవి. చిన్నమ్మకి మాత్రం నేనెంత చెప్తే అంతే శిల్పం. దారి చూపించే గొంతుకి అంత అధికారముందని అప్పటిదాకా నాకు తోచలేదు. మన చరిత్రలో ఆడవాళ్లని ఎలా వదిలేశారో ఎన్నిసార్లు రాశాను! వదిలేయడానికి దురుద్దేశం అక్కర్లేదు. మర్యాద చాలు.

మళ్లీ రికార్డు చేశాను. ఈసారి నాగార్జునకొండలో దొరికిన ఇలాంటి మరో విగ్రహం సంగతీ చేర్చాను. దాని కింది సగమే మిగిలింది. దాని మీద ఇక్ష్వాకు రాణి ఖండువుల పేరు ఉంది. వైధవ్యం లేనిది, బిడ్డలు బతికున్నది అని ఆమె చెప్పుకుంది. అది విని చిన్నమ్మ చాలాసేపు ఊరుకుంది. ఆమె ముగ్గురిలో ఇద్దరే మిగిలారు. చిన్నాయనా లేడు. "ఆ రెండూ లేనోళ్లు పేరు రాపిచ్చుకోకూడదా?" అంది చివరికి. ఆ ప్రశ్న కూడా ఆమె గొంతుతోనే రికార్డులో ఉంది. నేను జవాబు చేర్చలేదు.

ఇప్పుడు రాజోలి దారి మొదలుపెట్టాం. ఇందులో నేను మాట్లాడను. వరదకి ముందు ఏ వీధిలో ఎన్ని మగ్గాలు, పొద్దున్నే ముందు ఎవరింటి నాడె చప్పుడు వినపడేది, కోట పక్కనుంచి ఏటికి ఎటు దిగాలి, అన్నీ ఆమె చెప్తుంది. నేను ఫోను పట్టుకుని వెనకాల నడుస్తున్నాను. మొన్న ఒక ఖాళీ జాగా దగ్గర చెయ్యి చాపి, "ఈడ గడప ఉంటది, చూసుకో" అంది. అక్కడ తుమ్మచెట్టు తప్ప ఏమీ లేదు. కాలెత్తి దాటాను.