తండ్రి పేరు లేని బిడ్డకు తల్లి ఆస్తి: ఇందూరు విరాసత్‌ల చరిత్ర (6వ భాగం)



పోయిన భాగంలో నిజాంసాగర్ కాలువ గురించి, ఆ నీళ్లతో పెరిగిన చెరుకు గురించి రాశాను. అది చదివి యూనివర్సిటీ తమ్ముడొకరు ఒక ప్రశ్న పంపాడు. "అన్నా, 1931 నాటికి డ్యామ్ అయిపోయింది. 1937ల బోధన్‌కు షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. గంత పంట పండిన జాగల మన తాతలకు ఎకరం భూమి ఎందుకు మిగల్లేదు?"

మంచి ప్రశ్న. మనిషికి ఆస్తి రెండు తొవ్వల వస్తుంది. ఒకటి కొనుక్కోవడం. రెండోది చచ్చిపోయినోళ్ల నుంచి రావడం. కొనుక్కునే పైసలు మన తాతల దగ్గర లేవు, అది అందరికీ తెలిసిందే. చచ్చిపోయినోళ్ల నుంచి మనకేం వచ్చింది, ఏం రానియ్యలేదు, ఎవరు రానియ్యలేదు అన్నది మాత్రం ఎవరూ సరిగ్గా రాయలేదు. ఈ భాగం దాని గురించే.

ముందు ఒక ముచ్చట. ఆ అమ్మాయిని గుర్తుపట్టకుండా ఊరు, వివరాలు చెప్పడం లేదు.

బోధన్ దిక్కు చెరుకు పొలాల మధ్య ఒక ఊరు. ఆ ఊరి మాదిగవాడలో ఒక జోగిని తల్లి చనిపోయింది. కూలి చేసి, బీడీలు చుట్టి, బ్యాంకులో లక్షా చిల్లర డిపాజిట్ వేసుకుంది. నామినీ పేరు రాయలేదు. బిడ్డ పోయి అడిగితే, కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం తెమ్మన్నారు. ఆమె నాకు ఫోన్ చేసింది. "అన్నా, నువ్వొక్కసారి కోర్టుకు రావాలె."

నిజామాబాద్ కోర్టు ఆవరణలో చెట్టు కింద ఒక గుమాస్తా పిటిషన్ నింపుతున్నాడు. పిటిషనర్ పేరు రాశాడు. "తండ్రి పేరు?" అన్నాడు. అమ్మాయి నా దిక్కు చూసింది. నేను ఆమె దిక్కు చూశాను. గుమాస్తా కలం ఎత్తి పట్టుకుని ఉన్నాడు. ఆ కొద్ది సేపట్లో ఇందూరు జిల్లా వందేళ్ల చరిత్ర నాకు కనపడింది.

అంతలోనే ఇంకో కబురు. చనిపోయినామె తమ్ముడు, అంటే ఈ అమ్మాయి మేనమామ, అభ్యంతరం పెడతానంటున్నాడు. "జోగినికి పెండ్లి లేదు, మొగుడు లేడు. మొగుడు లేనామెకు వారసు బిడ్డ ఎట్లయితది? అక్క సొమ్ము తమ్మునికే." అతను కూడా మనవాడే. అతనికీ గుంట భూమి లేదు. ఈ మాట అతనికి ఎవరు నేర్పారో చూడాలంటే వెనక్కి పోవాలి.

నిజాం రాజ్యంలో వారసత్వాన్ని విరాసత్ అనేవారు. మన ఊళ్లల్లో ముసలివాళ్లు ఇప్పటికీ అదే మాట అంటారు: "నాయిన పోయిండు, విరాసత్ కాలేదు." జాగీర్దారో ఇనాందారో చనిపోతే అతియాత్ అధికారి విచారణ జరిపేవాడు. కొడుకులెవరు, భార్యలెవరు, ఎవరికెంత వాటా అని తేల్చి ముంతఖబ్ అనే పత్రం ఇచ్చేవాడు. ఆ కాగితం ఉంటే తరతరాలకూ భూమి ఖాయం. రాజ్యం పోయినా ఆ విచారణలు పోలేదు. 1952లో హైదరాబాద్ అతియాత్ విచారణల చట్టం అని ప్రత్యేకంగా చేశారు. పటేలు, పట్వారీ కొలువులకు కూడా విరాసత్ ఉండేది. తండ్రి పట్వారీ అయితే కొడుకు పట్వారీ. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984లో ఆ కొలువులను రద్దు చేసే దాకా అదే నడిచింది.

మరి మనకు? మనకూ విరాసత్ ఉండేది. ఊరి కబురు మోసే బేగరి పని, పీనుగుకు గుంత తవ్వే పని, దొరగడిలో వెట్టి. తండ్రి చస్తే ఆ పని కొడుక్కి వచ్చేది, అడగకుండానే. దానికి ముంతఖబ్ అక్కర్లేదు. ఆ సేవకు బదులుగా అక్కడక్కడ ఇచ్చిన చిన్న ఇనాం చెలకలకు మాత్రం మెలిక ఉండేది. పని చేస్తేనే భూమి, పని మానితే భూమి పోతుంది. 1955లో ఇనాముల రద్దు చట్టం తెచ్చినప్పుడు కూడా సేత్‌సింధి, నీరడి, బలూతా లాంటి గ్రామసేవ ఇనాములను దాని బయటే ఉంచారు. పెద్దోళ్లకు ఆస్తి విరాసత్, మనకు పని విరాసత్. ఈ కిటుకును బాబాసాహెబ్ ముందే పట్టుకున్నాడు. 1928లోనే బొంబాయి శాసనమండలిలో మహర్ వతన్ మీద బిల్లు పెట్టాడు. ఆ కాస్త వతన్ భూమే మహర్‌ను ఊరికి కట్టేసే తాడు అని ఆయనకు తెలుసు.

పోలీసు చర్య తర్వాత కొత్త చట్టాలు వచ్చాయి. 1949లో జాగీర్ల రద్దు. 1950లో కౌలుదారి చట్టం. ఆ చట్టం 40వ సెక్షన్ రక్షిత కౌలుదారు హక్కు వారసులకు పోతుందన్నది. పోరాటం ఫలం అది, తక్కువ చేయను. అయితే రక్షిత కౌలుదారుగా పేరెక్కాలంటే ముందు కౌలుదారై ఉండాలి కదా? మన తాతలు కౌలుదార్లు కాదు, జీతగాళ్లు. జీతగాని పేరు ఏ రిజిస్టరులో ఉంటుంది? పైగా ఆ సెక్షన్ లెక్కలో ముందు సంతానం. సంతానం లేకపోతేనే భార్య, అదీ ఆమె మళ్లీ పెళ్లి చేసుకోనంత కాలమే. పేదోళ్ల కోసం చేసిన చట్టంలో కూడా ఆడమనిషి చివరి వరసలోనే నిలబడింది.

ఇక జోగిని దగ్గరికి వద్దాం. మన జిల్లా పేరు చెప్తే బయటివాళ్లకు పసుపు, చెరుకు గుర్తొస్తాయి. మనకు గుర్తుండాల్సింది ఇంకోటుంది. ఎల్లమ్మ పేరనో, పోచమ్మ పేరనో మాల మాదిగ ఆడపిల్లలను దేవతకు ఇడిసి, ఊరి పెద్దలకు అప్పజెప్పిన జిల్లాల్లో మనది ముందు వరస. దీన్ని ఆచారం అని చదువుకున్నాం. ఒక్కసారి ఆస్తి కోణం నుంచి చూడండి. పెళ్లి లేదు కాబట్టి భార్య వాటా లేదు. తండ్రి పేరు లేదు కాబట్టి పిల్లల వాటా లేదు. దొర ఎంత మందిని కన్నా, దొర భూమిలో గుంట కూడా చీలదు. అంటే జోగిని వ్యవస్థ దేవత పేరుతో నడిచిన వారసత్వ చట్టం. భూమిని ఒక కులంలోనే ఆపిన కట్ట.

న్యాయశాస్త్రం చదివే తమ్ముళ్లు ఒక సంగతి గమనించాలి. పాత మితాక్షర ధర్మశాస్త్రం ప్రకారం ద్విజుడికి దాసి వల్ల పుట్టిన కొడుక్కి తిండి మాత్రమే. శూద్రుడికి దాసి వల్ల పుట్టిన కొడుక్కి ఆస్తిలో వాటా ఉండేది. మన దొరలు చాలా మంది ఆ శాస్త్రం లెక్కలో శూద్రులే! మరి జోగిని కొడుకులు కోర్టుకెక్కి వాటా ఎందుకు అడగలేదు? ఎందుకంటే తల్లి ఒక్కడి దగ్గరే, విడవకుండా ఉందని రుజువు చేయాలి. జోగినిని ఊరందరిది అన్నారు. ఊరందరిది అన్న ఆ ఒక్క మాటతో కోర్టు తలుపు మూసుకుపోయింది. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. కూతురికి, భార్యకు, తల్లికి వాటా ఇచ్చిన గొప్ప చట్టం. హిందూ కోడ్ కోసం బాబాసాహెబ్ 1951లో మంత్రి పదవినే వదులుకున్నాడు, ఆ కోడ్‌లోంచి పుట్టిన చట్టం ఇది. కానీ పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డకు తండ్రి ఆస్తిలో ఆ పాత సందు కూడా ఇందులో లేదు. మైనరుగా ఉన్నంత కాలం పోషణ అడిగే హక్కు మాత్రం అదే ఏడాది వచ్చిన దత్తత, పోషణ చట్టంలో ఉంది.

మద్రాసు రాష్ట్రం దేవదాసీ నిషేధం 1947లో చేసింది. అది కోస్తాకు, సీమకు వర్తించింది. మనకు? 1988లో. నలభై ఒక్క ఏళ్ల తేడా! అదీ ఊరికే రాలేదు. హేమలతా లవణం, లవణం గార్ల సంస్కార్ సంస్థ వర్ని ప్రాంతంలో చేసిన పని, కుల సంఘాలు, మహిళా సంఘాలు, ఎదురు తిరిగిన జోగినిలు – వీళ్లందరి ఒత్తిడి దాని వెనక ఉంది. చట్టం వచ్చాక కూడా ఆగలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో 80 వేల మంది దాకా జోగినిలున్నారని జస్టిస్ రఘునాథరావు కమిషన్ లెక్క చెప్పింది. ఒక్కొక్కరికి ఇద్దరు పిల్లలనుకుంటే ఎన్ని వాటాలు ఎగ్గొట్టారో మీరే లెక్కేయండి.

ఇదే నేల మీద ఇంకో వారసత్వం కథ కూడా నడిచింది. షుగర్ ఫ్యాక్టరీకి తన పేరు పెట్టుకున్న ఏడో నిజాం 1967 ఫిబ్రవరి 24న చనిపోయాడు. 1948 సెప్టెంబర్‌లో లండన్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనర్ పేరు మీదికి మారిన పది లక్షల పౌండ్ల చిల్లర ఎవరిదని ఏడు దశాబ్దాలు కొట్లాట. 2019 అక్టోబర్ 2న లండన్ హైకోర్టు తేల్చింది. అప్పటికది మూడున్నర కోట్ల పౌండ్లయింది. అది భారత ప్రభుత్వానిది, నిజాం వారసులది అన్నది. రాజు చనిపోయిన యాభై రెండేళ్లకు కూడా ఆయన వారసులెవరో దేశాల కోర్టులకు తెలుసు. ఆ ఫ్యాక్టరీకి చెరుకు నరికినామె చనిపోయిన వారానికే ఆమె వారసు ఎవరో తెలియదంటారు.

నిజంగా తెలియదా? చట్టం తెలియదనలేదు. హిందూ వారసత్వ చట్టం 3వ సెక్షన్‌లోనే ఉంది: పెళ్లి లేకుండా పుట్టిన పిల్లలు తమ తల్లికి, ఒకరికొకరు బంధువులే. 15వ సెక్షన్ ప్రకారం ఆడమనిషి ఆస్తికి మొదటి వారసులు కొడుకులు, కూతుళ్లు, భర్త. తమ్ముడి వంతు చాలా కింద, తల్లిదండ్రుల తర్వాత వస్తుంది. బిడ్డ ఉండగా తమ్ముడు వారసు కాడు. 2015లో సుప్రీంకోర్టు ఒక పెళ్లికాని తల్లి కేసులో, సంరక్షణ హక్కు కోసం తండ్రి పేరు చెప్పాలని ఆమెను బలవంతపెట్టొద్దని తీర్పిచ్చింది. మొగుడు లేనామెకు వారసు లేదు అన్నది ఊరి మాటే, చట్టం మాట కాదు. మేనమామకు నేర్పింది గడి, గ్రంథం కాదు.

గుమాస్తాకు అదే చెప్పాను. "తల్లి పేరు రాయండి." అతను వకీలు సార్ దిక్కు చూశాడు. సార్ తలూపాడు. రాశాడు.

విద్యార్థులు, కార్యకర్తలు ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. రేపు మీ వాడలో ఎవరో ఒకరు అడుగుతారు.

ఒకటి. వారసత్వ ధ్రువపత్రం బ్యాంకు డబ్బు, రావాల్సిన బాకీల కోసమే, భూమి కోసం కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 372వ సెక్షన్ కింద, చనిపోయినవారు నివసించిన జిల్లా కోర్టులో అడగాలి. అది డబ్బు తీసుకునే అధికారం ఇస్తుంది. వాటాల తగాదా ఉంటే అది వేరే దావా.

రెండు. నామినీ అంటే యజమాని కాదు. డబ్బు చేతికి తీసుకునేవాడు మాత్రమే, ఆ తర్వాత వారసులకు లెక్క చెప్పాలి. అయినా నామినీ పేరు రాయించండి. కోర్టు తిరుగుడు తప్పుతుంది. చెరుకు ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డాక కార్మిక కుటుంబాలు పీఎఫ్, గ్రాట్యుటీ కాగితాలు పట్టుకుని తిరిగాయి. నామినేషన్ సరిగ్గా ఉన్న ఇంటికి పని సులువు.

మూడు. వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి అని ఎవరైనా భయపెడితే నమ్మకండి. 2025 దాకా ఉన్న ఆ నిబంధన కూడా పాత కలకత్తా, మద్రాసు, బొంబాయి హైకోర్టుల పరిధి కోసం పెట్టింది, ఇందూరు కోసం కాదు. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, కాకపోతే ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. తగాదా వస్తే వాళ్లలో కనీసం ఒకరు కోర్టులో చెప్పాలి. జోగిని తల్లులందరితో వీలునామా రాయించండి, రిజిస్టర్ చేయిస్తే ఇంకా మేలు.

నాలుగు. సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమి అమ్మడానికి వీల్లేదు గానీ వారసులకు వస్తుంది. మనిషి పోగానే విరాసత్‌కు అర్జీ పెట్టండి. చచ్చినోళ్ల పేరు మీద వదిలేసిన భూమి పహాణీలో ఎవరి చేతిలోకి జారుతుందో చెప్పలేం. ధరణి కాలంలో వారసులంతా కలిసి ఒప్పందం రాస్తే చాలు, విచారణ లేదు. ఒప్పందంలో పేరు రాయని ఆడబిడ్డ సంగతి అడిగినవాడు లేడు. 2025లో వచ్చిన భూభారతి చట్టం నోటీసు, విచారణ మళ్లీ తెచ్చింది. ఆ నోటీసు చదివి మాట్లాడే మనిషి వాడకొక్కడు ఉండాలి. ఆ మనిషి మీరే.

ఆ అమ్మాయి కేసుకు కోర్టు పేపర్ ప్రకటన ఇవ్వమన్నది. ఫలానా ఆమె చనిపోయింది, ఆమె కూతురు ధ్రువపత్రం అడుగుతోంది, అభ్యంతరాలుంటే చెప్పండి అని. పేపర్ మూలకు నాలుగు వరుసలు. ఆమె ఆ ముక్క కత్తిరించి దాచుకుంది. "మా అమ్మ పేరు పేపర్ల వచ్చుడు ఇదే మొదటిసారి అన్నా" అన్నది. మేనమామతో మేం రెండుసార్లు కూర్చున్నాం. వకీలు సార్ సెక్షన్ చదివి వినిపించాడు. వాయిదా నాడు అతను రాలేదు. కొన్ని నెలలకు ధ్రువపత్రం చేతికొచ్చింది. వచ్చిన డబ్బులోంచి ఆమె అమ్మ సమాధికి సిమెంటు వేయించి, మిగిలింది తన బిడ్డ చదువుకు డిపాజిట్ చేసింది. ఈసారి నామినీ పేరు రాసింది.

దొర ఆస్తిలో ఆమెకు రావాల్సిన వాటా మాత్రం రాలేదు. దానికి ఇప్పటికీ సెక్షన్ లేదు. ఆ సెక్షన్ ఎట్లా రావాలో, జోగిని బిడ్డలు ఎక్కడెక్కడ అడుగుతున్నారో వచ్చే భాగంలో మాట్లాడుకుందాం. మీ ఊళ్లో విరాసత్ కాని భూములుంటే పేర్లు బయట పెట్టకుండా నాకు రాయండి.

జై భీమ్.