మా బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రా కథ

ఆకాశవాణి ప్రసారాలు మొదలయ్యేటప్పుడు వచ్చే బాణీ మా తాతయ్యకి ఇప్పటికీ గుర్తే. దాన్ని కట్టింది వాల్టర్ కౌఫ్‌మన్ అనే యూదు సంగీతకారుడు. హిట్లర్ అధికారంలోకి వచ్చాక, 1934లో ఐరోపా వదిలి బొంబాయి చేరారు. ఆ బాణీలో వయొలిన్ వాయించింది మెహ్లీ మెహతా అని చెబుతారు. 1935లో బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టిన పార్సీ ఆయనే.

సింఫనీ ఆర్కెస్ట్రా అంటే పెళ్ళి బ్యాండు లాంటిది కాదు. వయొలిన్, చెల్లో, ఫ్లూట్, ట్రంపెట్, డ్రమ్ములు అన్నీ కలిపి డెబ్భై ఎనభై మంది, కాగితం మీద రాసిన స్వరాలు చూసి ఒకేసారి వాయించాలి. ముందు ఒకాయన చిన్న కర్ర పట్టుకుని నిలబడతాడు, ఆయన మాత్రం ఏమీ వాయించడు! మరి ఇంతమంది బొంబాయిలో ఎక్కడ దొరికారు? చాలామంది గోవా వాళ్ళు. పోర్చుగీసు పాలనలో అక్కడి చర్చి బడుల్లో పిల్లలకి స్వరాలు చదవడం, వయొలిన్ పట్టడం నేర్పేవారు. పెద్దయ్యాక పని వెతుక్కుంటూ బొంబాయి వచ్చారు, మన తాతలు మిల్లుల కోసం వచ్చినట్టే.

సింఫనీతో వాళ్ళ కడుపు నిండలేదు. అందుకే సినిమా పాటలకి వాయించేవారు. వెనక వయొలిన్లు ఏం వాయించాలో రాసిపెట్టింది కూడా చాలాసార్లు వాళ్ళే. తెర మీద మాత్రం ఎక్కువగా సంగీత దర్శకుడి పేరే పడేది. ఇది అన్యాయమని నా అభిప్రాయం. వాళ్ళలో ఆంథొనీ గొన్సాల్వెస్ ఒకరు. 1958లో ఇండియన్ సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టి మన రాగాలని ఆ పద్ధతిలో వినిపించారు. లతా మంగేష్కర్, మన్నా డే పాడారు. అది ఎక్కువకాలం నిలవలేదు. 1965లో ఆయన అమెరికా వెళ్ళారు. 'అమర్ అక్బర్ ఆంథొనీ' (1977)లో అమితాబ్ గుడ్డులోంచి బయటికొచ్చి పాడే పాటలో ఉన్నది ఆయన పేరే! శిష్యుడైన ప్యారేలాల్ గురువు మీద గౌరవంతో పెట్టించారు. ఆ పాట మోగని వీధి మా ముంబయిలో లేదు. ఆ పేరు నిజం మనిషిదని ఎంతమందికి తెలుసు?

మెహ్లీ మెహతా కూడా 1950లలో విదేశం వెళ్ళిపోయారు. 1936లో ఇక్కడే పుట్టిన ఆయన కొడుకు జుబిన్ మెహతా లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ ఆర్కెస్ట్రాలని నడిపారు.

2006లో నారిమన్ పాయింట్‌లోని ఎన్‌సీపీఏలో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా మొదలైంది. మొదట్లో వాయించేవాళ్ళలో చాలామంది కజకిస్తాన్ లాంటి దేశాల నుంచి వచ్చారు. గోవా వాళ్ళ పిల్లలు, మనవలు ఏమయ్యారా అనిపించింది నాకు. ఇప్పుడు అక్కడే ఒక సంగీత బడి పెట్టి, మా ఊరి పిల్లలకి చిన్నప్పటి నుంచే వయొలిన్ నేర్పుతున్నారు.